దాటకూడని ముసలమ్మలు

కింద కోట్ల గది చూసుకునే జూరకాన్‌కి కోటు అప్పగించకుండా ఆ కొండ ఊరి ఆసుపత్రి మెట్లెక్కిన మనిషి ఇంతవరకూ లేడు. పెద్ద డాక్టరు ఎర్మెక్ ఉన్నాడే, జిల్లా మొత్తానికీ ఆయనే పెద్ద. ఆయనైనా సరే, పొద్దున్నే తలుపు తోసుకుని వచ్చి, గొర్రెతోలు కోటు విప్పి బల్ల మీద పెట్టి, నంబరు బిళ్ళ తీసుకుని, బూట్ల మీద నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని అప్పుడు పైకి వెళ్ళాలి. ఒకసారి ఏదో తొందరలో కోటుతోనే మెట్లెక్కబోయాడు. "ఏమయ్యా ఎర్మెక్, కోటుకేమైనా జబ్బు చేసిందా? దాన్ని కూడా మంచం మీద పడుకోబెడతావా?" అని జూరకాన్ నలుగురిలో అడిగేసింది. ఆయన కిక్కురుమనకుండా వెనక్కొచ్చి కోటు విప్పాడు.

జూరకాన్ పొట్టి మనిషి, అడ్డం ఎక్కువ. ఒక మోకాలు పనిచేయదు, నోరు మాత్రం రెండు మోకాళ్ళ పని చేస్తుంది. వయసులో ఉన్నన్నాళ్ళూ పాల ఫారంలో దూడలకి పాలు పట్టింది. దూడలకున్న బుద్ధి మనుషులకి లేదని, దూడ చెప్పిన చోట నిలబడుతుందని, మనుషులు బిళ్ళ పారేసుకుని "నా కోటు నల్లది" అంటారని ఆవిడ గోల. ఆ ఊళ్ళో నల్ల కోటు లేనివాడెవడు?

ఇక ఆ నీలం తొడుగుల సంగతి. ఒకసారి వాడి పారేయాలని రూలు. పారేయడానికి ఆవిడకి చేతులు రావు. సాయంత్రం బకెట్లో నానబెట్టి, ఉతికి, వేడి గొట్టం మీద తాడు కట్టి ఆరేస్తుంది. ఉతికి ఉతికి వాటికి చిల్లులు పడ్డాయి. తనిఖీకి వచ్చిన పెద్దమనుషులు బూటు ముక్కులు బయటకి కనిపిస్తుండగా వరండాల్లో తిరిగి వెళ్ళారు. ఎవరైనా అడిగితే "గాలి ఆడాలి కదయ్యా" అంటుంది.

పై అంతస్తులో చివర ఒక గది ఉంది. చినారా డాక్టరమ్మ పైవాళ్ళతో నానా తగువులూ పడి సంపాదించిన గది అది. మూడు మంచాలు, ఒక కెటిల్, తలుపుకి లోపలి వైపు గడియ. ఇళ్ళల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళు, ఎవడో ఎత్తుకుపోతే తప్పించుకొచ్చిన ఆడపిల్లలు అక్కడుంటారు. విరిగింది కడతారు, చిట్లింది కుడతారు, గురువారం గురువారం ఒకావిడ నారిన్ పట్నం నుంచి వచ్చి పక్కన కూర్చుని వాళ్ళు చెప్పేదంతా వింటుంది. ఏమీ చెప్పకపోతే ఊరికే కూర్చుని వెళ్తుంది. అక్కడికొచ్చే వాళ్ళకి చాలాసార్లు కోటుండదు. ఆ చలిలో ఇంటి చెప్పులతో పరిగెత్తుకొస్తారు. అందుకని జూరకాన్ జనం మర్చిపోయి వదిలేసిన కోట్లన్నీ దులిపి, గుండీలు కుట్టి వాళ్ళకోసం దాచేది.

బెగాయిమ్ కూడా అలాగే కోటు లేకుండా వచ్చింది. నారిన్‌లో కుట్టుపని కాలేజీలో చదువుతోంది, పందొమ్మిదేళ్ళ పిల్ల. బస్సుకోసం నిలబడి ఉంటే ముగ్గురు కుర్రాళ్ళు కారులో పడేసుకుపోయారు. అందులో ఒకడికి పెళ్ళాం కావాలట. ఆ పిల్ల వాడిని అంతకుముందు ఒకే ఒక్కసారి చూసింది, అదీ కాలేజీ క్యాంటీన్ దగ్గర. వాళ్ళింట్లో ఆడవాళ్ళంతా చుట్టూ చేరి పెళ్ళికి ఒప్పుకున్న గుర్తుగా తల మీద తెల్ల గుడ్డ కప్పబోతే, కప్పినప్పుడల్లా లాగి పారేసింది. పారేసినప్పుడల్లా వాడు కొట్టాడు. మణికట్టు విరిగింది. ఇంకా ఏం చేశాడో చినారాకి తెలుసు, మనం చెప్పుకోనక్కర్లేదు. గుమ్మానికి అడ్డంగా వాళ్ళ ముసలమ్మ పడుకుంది. ఆ దేశంలో పడుకున్న పెద్దావిడని ఎవరూ దాటరు, ఆడపిల్ల అసలే దాటకూడదు. దాటిందా, కడుపు పండదని, పుట్టింటికి కీడని, ఇంకా ఏవేవో. ఆ భయం చిన్నప్పటి నుంచీ పాలతోపాటు పోస్తారు. బెగాయిమ్ దాటలేదు. వెనక గది కిటికీలోంచి మంచులోకి దూకింది. పాల లారీ అతను చూసి ఎక్కించుకుని తెచ్చాడు.

రెండ్రోజులు పోయాక ఒక పొద్దున నారిన్ నుంచి జీపొచ్చింది. గాయాలు చూసి కోర్టుకి రాసిచ్చే డాక్టరమ్మ దిగింది. ఆవిడ వెంట ఒక పోలీసు లెఫ్టినెంటు పిల్ల, భుజాల మీద నక్షత్రాలున్నాయి గానీ మొహం చూస్తే నిన్న గాక మొన్న బడి చదువు అయినట్టుంది. దారిలో బెగాయిమ్ వాళ్ళమ్మని కూడా ఎక్కించుకొచ్చారు. చివరి గదికి ఎదురుగా ఉన్న పరీక్ష గదిలో ముగ్గురూ కూర్చున్నారు. బెగాయిమ్ చేయాల్సిందల్లా వరండా దాటి ఆ గదిలోకి వెళ్ళి, పరీక్ష చేయించుకుని, జరిగింది చెప్పి సంతకం పెట్టడం. తర్వాత అమ్మతో ఇంటికి.

అది ఇవాళే కావాలి. ఎందుకంటే కుర్రాడి బాబాయిలు అప్పటికే రాజీ కోసం ఒక గొర్రెని తోలుకుని బెగాయిమ్ తండ్రి దగ్గరికి వెళ్ళారు. ఆయన అవుననలేదు, కాదనలేదు, గొర్రెకి మాత్రం గడ్డి వేశాడు. పిల్ల సంతకం పెట్టిందంటే ఇక ఎవరి గొర్రె వాళ్ళు తోలుకుపోవాలి. పెట్టలేదంటే సాయంత్రానికి ఆ గొర్రె పొయ్యి మీదుంటుంది, పిల్ల మళ్ళీ ఆ ఇంట్లో ఉంటుంది. పైగా ఆకాశం చూస్తే కనుమ దారి మూసుకుపోయేలా ఉంది, జీపు మధ్యాహ్నానికే వెనక్కి వెళ్ళాలి.

చినారా కిందికొచ్చి, అక్కడ పెద్దక్కని పిలిచినట్టు అపా అని పిలిచి, జూరకాన్‌కి మరీ మరీ చెప్పింది. "అపా, కుర్రాడి తరపు వాళ్ళు ఎవరొచ్చినా పైకి పంపకు. వాడు, వాడి స్నేహితులు, బాబాయిలు, ఎవర్నీ."

"నన్ను దాటి ఈగ వెళ్తుందా?" అంది జూరకాన్.

ఈగ వెళ్ళలేదు, నిజమే. ఒక ముసలమ్మ వచ్చింది. లావుపాటిది, ఒకదాని మీద ఒకటి వేసుకున్న కోట్లతో గుమ్మంలో కాసేపు ఇరుక్కుని లోపలికొచ్చింది. చంకలో మూట. మూటలోంచి అప్పుడే నూనెలో పొంగించిన బోర్సోకు రొట్టె ముక్కల వాసన.

"మా పిల్ల పైన ఉందమ్మా. చూసి రెండు బోర్సోకులు పెట్టి పోతాను," అంది.

"కోటు," అంది జూరకాన్.

ఒక కోటు విప్పింది. కింద ఇంకోటుంది. అదీ విప్పింది. దానికింద మరోటి. "ఇక చాల్లే వదినా, నువ్వు మిగలాలి కదా," అని జూరకానే ఆపింది. నీలం తొడుగుల దగ్గర కాస్త గొడవైంది. ముసలమ్మ అవి తలకి పెట్టుకునేవనుకుంది. చివరికి వంగలేక కాళ్ళు చాపితే జూరకానే తొడిగింది. అప్పుడు ముసలమ్మ మూట విప్పి "రుచి చూడు" అంది.

అక్కడ రొట్టె ఎదురుగా పెడితే నోట్లో వేసుకోకుండా పొమ్మనడం ఎవరివల్లా కాదు. తిన్నాక ఆ మనిషిని బయటికి పొమ్మనడం అంతకన్నా కాదు. జూరకాన్ ఒకటి తింది, మొహమాటానికి. రెండోది ఇష్టంగా తింది. మూడోది చేతిలో పట్టుకుని, బెగాయిమ్ కోసం తీసిపెట్టిన కోటు భుజాన వేసుకుని, "రా, నేనే చూపిస్తా" అని ముందు నడిచింది. తర్వాత చినారా నిలదీస్తే "మగాళ్ళ సంగతే చెప్పావు, ముసలమ్మల సంగతి చెప్పావా?" అని ఎదురు దబాయించింది.

చివరి గదిలోకి ముందు జూరకాన్ వెళ్ళింది. లోపల ముగ్గురు. గడ్డివాము మీద నుంచి మొగుడు తోసేస్తే కాలు విరిగి పిండికట్టుతో ఉన్న తాజీగుల్, భుజం ఎముక విరిగిన కెన్‌జే, కిటికీ పక్కన బెగాయిమ్. నర్సు గంజి గిన్నెతో తిరుగుతోంది.

"మీ అవ్వ వచ్చిందే, బోర్సోకులు తెచ్చింది," అంది జూరకాన్ నోరు నిండా నములుతూ.

బెగాయిమ్ మొహం పాలిపోయింది. "మా అవ్వ నా చిన్నప్పుడే పోయింది అపా."

వెనక దబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే ముసలమ్మ గుమ్మానికి అడ్డంగా వరండాలో వెల్లకిలా పడుకుని ఉంది. రొమ్ము మీద మూట, మూట మీద మడతపెట్టిన తెల్ల గుడ్డ, కాళ్ళకి నీలం తొడుగులు. ఒక తొడుగు చిల్లులోంచి బూటు ముక్కు బయటికి చూస్తోంది.

"కోడలా," అంది పైకప్పు వైపు చూస్తూ. "కిటికీలోంచి దూకితే దూకావు, చిన్నతనం. కిటికీ లెక్కలోకి రాదు. నన్ను దాటి పోలేదు కాబట్టి నువ్వింకా మా ఇంటిదానివే. నాకు తొందరేం లేదు."

ఆవిడ పేరు ఉపోల్. ఆ కుర్రాడి నాయనమ్మ.

ఆ గదికి అదొక్కటే గుమ్మం. గడియ పెట్టుకుంటే బయటివాళ్ళు లోపలికి రాలేరు గానీ, లోపలివాళ్ళు బయటికి వెళ్ళాలంటే గడియ ఏం చేస్తుంది? కబురందుకుని పెద్ద డాక్టరు ఎర్మెక్ ఆయాసపడుతూ వచ్చాడు. వచ్చి, ఉపోల్‌కి రెండడుగుల దూరంలో టక్కున ఆగిపోయాడు.

"అవ్వా, లేవండి. ఇది ఆసుపత్రి."

"అయితే వైద్యం చెయ్యి."

"ఏమిటి బాధ?"

"కోడలు రానంటోంది. అదే బాధ."

ఎర్మెక్ స్ట్రెచరు తెప్పించాడు. మోసేవాళ్ళిద్దరూ వచ్చారు. "నా ఒంటి మీద చెయ్యి పడిందా, మీ ఇద్దరి పేర్లూ తెలుసుకుని మరీ చస్తాను," అంది ఉపోల్. వాళ్ళు స్ట్రెచరు కింద పెట్టేసి గోడకి అతుక్కుపోయారు. దాంతో ఉన్న కాస్త దారీ పోయింది. ఎర్మెక్ నారిన్‌కి ఫోన్ చేశాడు. మంటలొస్తే ఏం చెయ్యాలో ఉత్తర్వుంది, భూకంపం వస్తే ఏం చెయ్యాలో ఉంది, ముసలమ్మ అడ్డంగా పడుకుంటే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. అవతలి వాళ్ళు కాసేపు ఆలోచించి "బాగా పెద్దావిడేనా?" అని అడిగారట. పెద్దావిడే అంటే ఫోన్ పెట్టేశారట.

లెఫ్టినెంటు పిల్ల ధైర్యం చేసి పరీక్ష గదిలోంచి వచ్చింది. ఆడపిల్లని ఎత్తుకుపోవడం నేరమని, ఎన్నేళ్ళు జైలో, అన్నీ గట్టిగా చదివింది. ఉపోల్ కళ్ళు మూసుకుని శ్రద్ధగా వింది.

"మంచి గొంతమ్మా నీది," అంది అంతా అయ్యాక. "పెళ్ళయిందా? మా చిన్న మనవడు ఉన్నాడు."

లెఫ్టినెంటు చెవులు ఎర్రబడిపోయాయి. ఒక్కడుగు వెనక్కి వేసింది. చట్టం అంతా చేతిలో ఉంది, ఆ పిల్లకి కూడా దాటడానికి కాలు రాలేదు.

పరీక్ష గది గుమ్మంలో బెగాయిమ్ వాళ్ళమ్మ నిలబడి ఉంది. తల్లీకూతుళ్ళకి మధ్య ఉపోల్ పొట్ట ఒక్కటే. చెయ్యి చాపితే అందేంత దగ్గర కాదు గానీ, కళ్ళు తుడుచుకోవడం కనిపించేంత దగ్గర. దాటిరా అనడానికి ఆవిడకి నోరు రాలేదు, ఆగిపో అనడానికి మనసు రాలేదు. తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుని ఊరికే చూస్తోంది.

చినారా మాత్రం కంగారు పడలేదు. ఉపోల్ తల దగ్గర నేల మీద కూర్చుని, గదిలోకి చూస్తూ మామూలుగా మాట్లాడింది. "బెగాయిమ్, నిన్నెవరూ లాగరు, ఎవరూ తొయ్యరు. పరీక్ష నువ్వు సరే అంటేనే. వద్దంటే వద్దు. ఏదైనా నీ ఇష్టమే. నేనిక్కడే కూర్చుంటాను."

"నేను పడుకుంటాను," అంది ఉపోల్.

బెగాయిమ్ మంచం అంచున కూలబడింది. "రావాలనే ఉంది," అంది మెల్లగా. "దాటితే పిల్లలు బతకరంట కదా. మా అమ్మకి కీడంట. మా తమ్ముడు చిన్నవాడు. నావల్ల వాడికేమైనా అయితే?"

"తలుపు మూసేసి కిటికీకి నిచ్చెన వేద్దామా?" అంది నర్సు.

"కిటికీ లెక్కలోకి రాదన్నానా," బయట్నుంచి వినిపించింది.

జూరకాన్‌కి ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో తెలీదు. తనే కదా తొడుగులు తొడిగి మరీ తీసుకొచ్చింది. ఏదో ఒకటి చెయ్యాలి, ఏం చెయ్యాలో తెలీదు. తెలియనప్పుడు ఆవిడ చేసే పని ఒక్కటే, మాట్లాడటం.

"నాకూ అడ్డంగా పడుకుందే ఒకావిడ," అని మొదలుపెట్టింది. "లారీలో ఎత్తుకుపోయారు నన్ను. గడ్డి మోపుల మధ్య కూర్చోబెట్టి. పది ఊళ్ళ అవతలికి తీసుకెళ్ళేసరికి నా జుట్టు నిండా గడ్డే, పెళ్ళికూతురిలా లేను, ఆవు మేతలా ఉన్నాను. వాళ్ళ ముసలమ్మ గుమ్మంలో పడుకుంది. పడుకుని ఏం చేసిందో తెలుసా? నిద్రపోయింది. అట్లా ఇట్లా కాదు, గుర్రు. దాని గుర్రుకి వాకిట్లో కుక్క మొరిగేది. తలుపు బార్లా తెరిచుంది. బయట ఎండ. వాళ్ళంతా గొర్రెని కొయ్యడానికి వెళ్ళారు. ఒక్కరు లేరు."

ఈ కథ జూరకాన్ అందరికీ చెబుతుంది. గుర్రు దగ్గరికి రాగానే గుర్రు పెట్టి చూపిస్తుంది, అందరూ పడీపడీ నవ్వుతారు. ఇప్పుడూ పెట్టి చూపించింది. తాజీగుల్ నవ్వింది, కెన్‌జే భుజం పట్టుకుని నవ్వింది. బెగాయిమ్ నవ్వలేదు.

"మరి ఎందుకు దాటలేదు అపా?"

ఇన్నేళ్ళలో ఎవరూ ఆ ముక్క అడగలేదు. జూరకాన్‌ని అలా ఎత్తుకుపోయి మొగుడైన ఆసిల్‌బెక్ చెడ్డవాడు కాదు, అదొక చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుంటూ బతికేది. చెయ్యెత్తలేదు, పెద్దగా మాట్లాడనూ లేదు, ఒకరోజు పోయాడు. తను మాత్రం పాల డిప్లొమా చదవాలనుకుంది, దూడలకి పాలు పట్టింది. బాధపడ్డానని ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. గుర్రు పెట్టి నవ్వించేది, అంతే.

"తెలీదే," అంది. "ఎలా దాటాలో ఎవరూ చూపించలేదు మరి."

అన్నాక, తనన్న మాట తనకే వినబడింది. కోటు కుర్చీ మీద పడేసి, కుర్చీ చెయ్యి పట్టుకుని ముందు బాగున్న మోకాలు వంచింది, తర్వాత బాగులేనిది వంచింది, "అమ్మా" అనుకుంటూ గది మధ్యలో ధబీమని కూర్చుని, అక్కడ్నుంచి వెల్లకిలా పడింది.

నర్సు గంజి గిన్నె పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చింది. "అపా, గుండెనా?"

"గుండె కాదు, నా మొహం. దాటండే నన్ను."

"ఏంటీ?"

"నన్ను దాటమంటున్నా. ఆవిడెంత పెద్దదో నేనూ అంత పెద్దదాన్నే, కావాలంటే ఇంకా పెద్దదాన్నే. కీడు జరగాలంటే నా దగ్గర కూడా జరగాలిగా? చూద్దాం ఏం జరుగుతుందో. తాజీగుల్, నువ్వు రా. నీకింకా జరగాల్సిన కీడేం మిగిలిందిలే."

తాజీగుల్ నవ్వు ఆపుకోలేక మంచం దిగింది. చంక కర్ర జూరకాన్ చెవి పక్కన పెట్టింది.

"చెవి తొక్కకు. ఉన్నవాటిలో సరిగ్గా పనిచేసేది అదొక్కటే."

పిండికట్టు కాలు గాల్లోకి లేచి, జూరకాన్ ముక్కు మీదుగా మెల్లగా వెళ్ళి అవతల దిగింది. జూరకాన్ ఒక కన్ను తెరిచింది.

"నేను చచ్చానా?"

"లేదు అపా."

"తాజీగుల్ చచ్చిందా?"

"లేదు."

"అయితే తర్వాతవాళ్ళు."

కెన్‌జే దాటింది. దాటి, బాగుందని మళ్ళీ ఇటు దాటింది. "ఆటలా?" అని జూరకాన్ కసిరితే మూడోసారి కూడా దాటింది. మా అత్తని కూడా ఇలా పడుకోబెట్టండి, రోజూ దాటుతాను అంది. నర్సు గిన్నెతో దాటబోయి గరిటెడు గంజి జూరకాన్ నుదుటి మీద పోసింది. "ఇదిగో కీడు," అంది జూరకాన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఎవరో కీడు కీడన్నారు, వచ్చింది. ఉప్పు తక్కువైంది."

అప్పుడు నవ్వింది బెగాయిమ్. వచ్చిన నాటి నుంచీ ఆ పిల్ల పళ్ళు ఎవరూ చూడలేదు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూనే లేచి వచ్చి, జూరకాన్ పక్కన నిలబడి, కట్టు కట్టిన చెయ్యి గుండెకి అదుముకుని దాటింది. అటు దిగి, తన కాళ్ళ వైపు చూసుకుంది.

"ఏమైంది?" అంది జూరకాన్ కిందనుంచి.

"ఏం కాలేదు."

"మరి పో. నీకోసం మీ అమ్మ నిలబడిపోయింది అక్కడ."

గుమ్మంలో ఉపోల్ అంతా వింటూనే ఉంది. "అదంతా చెల్లదు," అని అరిచింది. "ఆవిడ గుమ్మంలో పడుకుందా? ఊరికే నేల మీద పడుకుంది. దాన్ని పడటం అంటారు." అరుస్తూనే చేతులు రెండూ బార్లా చాపి, కాళ్ళు ఎడం చేసి, వీలైనంత వెడల్పుగా అయింది. బెగాయిమ్ గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది. ఉపోల్ కింద నుంచి, బెగాయిమ్ పై నుంచి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పిల్ల భయం పోయి కాదు, భయంతోనే నిలబడింది.

"కోడలా," అంది ఉపోల్. గొంతులో ఇందాకటి దర్జా లేదు. "వద్దమ్మా."

"నేను మీ కోడల్ని కాదు అవ్వా," అని బెగాయిమ్ కాలెత్తింది.

మొదటి కాలు దాటింది. రెండో కాలు దాటుతుండగా ఆసుపత్రి చెప్పు జారి ఉపోల్ పొట్ట మీద పడింది. బెగాయిమ్ అవతలి వైపు దిగి, వెనక్కి తిరిగి, వంగి, "ఏమనుకోకండి" అని చెప్పు తీసుకుంది. తీసుకుని వేసుకుంది. అంతే, తల్లి ఒక్క అంగలో వచ్చి పట్టుకుంది. ఆవిడ పిల్ల నెత్తి వాసన చూస్తూ ఉండిపోయింది. తర్వాత బెగాయిమ్ చినారా వైపు తిరిగి "వస్తాను" అంది. చినారా లేచి పరీక్ష గదిలోకి దారి చూపింది. లోపలికి వెళ్ళాక తలుపు మూశారు.

ఒకరు దాటాక ఇంకేముంది. మోసేవాళ్ళిద్దరూ స్ట్రెచరు వదిలేసి అటొకసారి ఇటొకసారి దాటి వెళ్ళిపోయారు. నర్సు గిన్నెతో, ఈసారి గంజి ఒలకకుండా దాటింది. ఎర్మెక్ అవతలికి వెళ్ళాల్సిన పని లేదు, అయినా "క్షమించండి అవ్వా" అని అటు దాటి, అక్కడేం చెయ్యాలో తెలియక మళ్ళీ "క్షమించండి" అని ఇటు దాటి, ఫోన్ మోగితే వెళ్ళిపోయాడు. తాజీగుల్, కెన్‌జే కలిసి జూరకాన్‌ని లేపబోయారు. ఇద్దరికీ కలిపి పనికొచ్చే చేతులు మూడు, కాళ్ళు మూడు. సగం లేపి వదిలేశారు. "పోండే, ఎవరో ఒకరు వస్తారులే," అని జూరకాన్ వాళ్ళిద్దర్నీ కూడా బయటికి దాటించి అలాగే పడుకుంది.

వరండా ఖాళీ అయింది. గుమ్మానికి అటు ఉపోల్, ఇటు జూరకాన్, ఇద్దరూ వెల్లకిలా. పరీక్ష గదిలోంచి బెగాయిమ్ గొంతు సన్నగా వస్తోంది. మాటలు తెలియట్లేదు, ఆగకుండా చెబుతోందని మాత్రం తెలుస్తోంది.

"వదినా," అంది జూరకాన్. "లేవొచ్చు కదా ఇంక."

"లేవలేను. నడుం పట్టేసింది."

"నాకు మోకాలు."

ఉపోల్ మూట తడిమి ఒక బోర్సోకు తీసి గుమ్మం మీదుగా దొర్లించింది. జూరకాన్ అందుకుని, కాసేపు చూసి, కోపం కోపమే గానీ తినేసింది.

"నలుగురు కోడళ్ళకి పడుకున్నాను," అంది ఉపోల్ పైకప్పుతో. "పెద్ద మనవడి పెళ్ళాం ఐదోది. ఒక్కతీ దాటలేదు. ఇవాళ దాటుతుంటే కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నేల చీలుతుందో, నా గుండే ఆగుతుందో అనుకున్నా. చెప్పు పడింది."

"చూశాను."

"నాకు మా అత్తగారి అత్త పడుకుంది. చిన్నది, సన్నటిది, గుప్పెడంత మనిషి. ఒక్క అంగ వేస్తే అవతల మా అన్నయ్య గుర్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు, నాకోసమే వచ్చి. చూస్తూ నిలబడ్డాను. చీకటి పడేదాకా ఉండి వాడు వెళ్ళిపోయాడు." ఉపోల్ తల జూరకాన్ వైపు తిప్పింది. "అయితే వదినా, ఆరోజు నేను దాటినా ఏమీ అయ్యేది కాదా?"

ఎదురు గదిలో పిల్ల ఇంకా చెబుతూనే ఉంది.

"ఏమీ అయ్యేది కాదు," అంది జూరకాన్. "ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం."